అమ్మీటరు ముల్లు

పాత మోటారుసైకిళ్ళలో పెక్కింటికి హెడ్డులైటుపై చిన్న గడియారమువంటి అమ్మీటరు కలదు. దాని ముల్లు కుడికి వాలినచో బ్యాటరీకి విద్యుత్తు చేరుచున్నదనియు, ఎడమకు వాలినచో వ్యయమగుచున్నదనియు మనము గ్రహింతుము. ఆ ముల్లు వెనుక ఒక చరిత్ర కలదు.

తొలి దినములలో రాత్రి ప్రయాణమునకు కార్బైడు దీపమే దిక్కు. ఇంజనుకు కావలసిన నిప్పురవ్వను మాగ్నెటో తానే పుట్టించెడిది. దానికి బ్యాటరీతో పనిలేదు. విద్యుద్దీపము వచ్చిన పిమ్మట డైనమోయు, బ్యాటరీయు అవసరమైనవి. 1831లో ఫారడే కనుగొన్న సూత్రముచే విద్యుత్తును పుట్టించుట సులభమే. అదుపు చేయుటయే కష్టము. ఇంజను వేగము హెచ్చినకొలది డైనమో వోల్టేజియు హెచ్చును. మూడవ బ్రష్షుతో దానిని కొంత అదుపు చేసిరి. అయినను పగటివేళ దీపము వెలుగనప్పుడు మితిమీరిన విద్యుత్తు చేరి, బ్యాటరీలోని నీరు తరిగిపోయెడిది.

1930ల దశకమున వోల్టేజి రెగ్యులేటరు వ్యాప్తిలోనికి వచ్చెను. బ్యాటరీ నిండినకొలది అది విద్యుత్తును తగ్గించును. దాని ప్రక్కనుండు కటౌటు, ఇంజను మందగించినప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు డైనమోలోనికి వెనుకకు పారకుండ దారి మూయును. చెరువునకు తూమెంతో ఈ రెండును బ్యాటరీకి అంత.

1953లో ట్రయంఫ్ సంస్థ తన స్పీడ్ ట్విన్ వాహనముపై ఆల్టర్నేటరు నమర్చెను. ఇందు తిరుగునది అయస్కాంతము. అరిగిపోవు బ్రష్షులు లేవు. అయితే ఇది పుట్టించు ఏకాంతర ప్రవాహము బ్యాటరీకి పనికిరాదు. రెక్టిఫయరు దానిని ఏకముఖ ప్రవాహముగా మార్చును.

కావున డైనమో బండిలో ముల్లు కుడికి వాలనంతమాత్రమున మనము డైనమోనే దోషిగా ఎంచరాదు. ముందుగా తీగెల బిగువును, రెగ్యులేటరు, కటౌటుల స్పర్శలను పరీక్షింపవలెను. పుట్టించుటకంటె అదుపు చేయుటయే కష్టమని ఈ చరిత్రయే మనకు చెప్పుచున్నది గదా!