గది అద్దె, భవనం అద్దె: హోటల్ రీట్ నిర్మాణం, నిధుల సమీకరణ

అమెరికాలో 1960 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టులకు చట్టరూపం వచ్చింది. వాడుకలో వీటినే రీట్లు అంటున్నాం. పెద్ద భవనాల మీద వచ్చే అద్దెలో చిన్న మదుపరికి కూడా వాటా దక్కాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఇప్పటి నిబంధనల ప్రకారం పన్ను పడే ఆదాయంలో కనీసం 90 శాతాన్ని వాటాదారులకు పంచాలి. అలా పంచిన సొమ్ము మీద సంస్థ స్థాయిలో కార్పొరేట్ పన్ను ఉండదు. అందుకు బదులుగా సంస్థ కొన్ని షరతులకు కట్టుబడాలి. ఆస్తుల్లో ముప్పాతిక భాగం స్థిరాస్తి, దాని మీద ఇచ్చిన అప్పులు, నగదు, ప్రభుత్వ రుణపత్రాలే కావాలి. ఆదాయంలో ముప్పాతిక భాగం స్థిరాస్తి నుంచే రావాలి. వాటాదారులు కనీసం వందమంది ఉండాలి. సగానికి మించిన వాటా ఐదుగురి చేతిలో పోగుపడకూడదు.

ఆఫీసు భవనాలకు, షాపింగ్ మాల్‌లకు ఈ చట్టం చక్కగా అతికింది. చిక్కు హోటల్ దగ్గర వచ్చింది. హోటల్‌లో దిగిన మనిషి ఇచ్చే డబ్బు గదికి మాత్రమే కాదు. మార్చిన దుప్పట్లకు, ఉతికిన తువ్వాళ్లకు, రాత్రంతా మేలుకుని ఉండే రిసెప్షన్‌కు కూడా. కాబట్టి చట్టం దృష్టిలో అది అద్దె కాదు, వ్యాపార రాబడి. రోజువారీ వ్యాపారాన్ని అద్దెల చట్టంలో ఇమడ్చడానికి చేసిన ప్రయత్నాల ఫలితమే నేటి హోటల్ రీట్ నిర్మాణం. ఈ ఏర్పాటు పన్ను సమస్యను తీర్చింది. రాబడి ఒడుదొడుకుల సమస్యను మాత్రం తీర్చలేదు. ఆ భారమంతా నిధుల సమీకరణ విధానం మీద పడిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. దీన్ని ప్రధానంగా హోస్ట్ హోటల్స్ అండ్ రిసార్ట్స్ చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

విడిపోయిన మారియట్

హోస్ట్ మూలాలు మారియట్ కార్పొరేషన్‌లో ఉన్నాయి. 1980లలో ఆ సంస్థ హోటళ్లు కట్టడం, మదుపరులకు అమ్మడం, నిర్వహణ కాంట్రాక్టు తన దగ్గర ఉంచుకోవడం అనే పద్ధతిలో వేగంగా పెరిగింది. దశాబ్దం చివరికి స్థిరాస్తి మార్కెట్ కుప్పకూలింది. అమ్ముడుపోని హోటళ్లు, వాటి మీది అప్పులు సంస్థ మెడకు చుట్టుకున్నాయి. 1992 అక్టోబర్‌లో కంపెనీని రెండుగా చీలుస్తున్నట్టు యాజమాన్యం ప్రకటించింది. లాభసాటి నిర్వహణ వ్యాపారం మారియట్ ఇంటర్నేషనల్‌కు, భవనాలతో పాటు అప్పుల్లో అత్యధిక భాగం హోస్ట్ మారియట్‌కు అని పంచారు. బాండ్ల ధరలు పడిపోయాయి. బాండ్లు కొన్నవారు కోర్టుకెక్కారు. చివరికి రాజీ కుదిరి 1993 అక్టోబర్‌లో విభజన పూర్తయింది. హోటల్ ఫైనాన్స్ చదివేవారు ఈ ఘట్టాన్ని దాటవేయకూడదు. భవనం యాజమాన్యాన్నీ నిర్వహణనూ వేరు చేసినప్పుడు నష్టభయం ఎటు వెళ్తుందో అక్కడ బట్టబయలైంది. అది భవనంతో పాటు వెళ్తుంది.

1999 జనవరి 1 నుంచి హోస్ట్ రీట్‌గా మారింది. అప్పటి చట్టం ప్రకారం రీట్ తన హోటళ్లను సంబంధం లేని మరో సంస్థకు లీజుకివ్వాల్సిందే. అందుకోసం 1998 డిసెంబర్‌లో క్రెస్ట్‌లైన్ క్యాపిటల్ అనే కంపెనీని విడదీసి, హోటళ్లను దానికి లీజుకిచ్చింది. ఇందులో లోపం తేలిగ్గానే కనిపిస్తుంది. మంచి సీజన్‌లో మిగులు లీజుదారు జేబులోకి పోతుంది. భవనానికి మరమ్మతు చేయించి రాబడి పెంచే బాధ్యత రీట్‌ది, పెరిగిన రాబడిలో వాటా వేరొకరిది. స్టార్‌వుడ్ వంటి సంస్థలు ఈ ఇబ్బందిని మరో దారిలో తప్పించుకున్నాయి. రీట్ షేరును, నిర్వహణ కంపెనీ షేరును విడదీయకుండా జంటగా అమ్మేవి. ఆ జంట షేర్ల విధానానికి 1984లోనే అడ్డుకట్ట వేసినా, పాతవాటికి మినహాయింపు ఉండేది. 1998లో కాంగ్రెస్ ఆ వెసులుబాటుకూ కత్తెర వేసింది.

అసలు పరిష్కారం 1999 నాటి రీట్ ఆధునికీకరణ చట్టంతో వచ్చి, 2001 జనవరి నుంచి అమలైంది. పన్ను కట్టే అనుబంధ సంస్థను రీట్ సొంతంగా పెట్టుకుని, హోటళ్లను దానికే లీజుకివ్వవచ్చు. ఆ అనుబంధ సంస్థ మామూలు కంపెనీలా తన లాభం మీద కార్పొరేట్ పన్ను కడుతుంది. అయితే హోటల్‌ను అది స్వయంగా నడపకూడదు. ఇతరుల హోటళ్లను కూడా నడుపుతున్న స్వతంత్ర నిర్వాహకుడికి అప్పగించాలి. వెంటనే హోస్ట్ సుమారు 20 కోట్ల డాలర్లిచ్చి క్రెస్ట్‌లైన్ నుంచి లీజులను తిరిగి కొనుక్కుంది. ఒక రకంగా ఇది మన పల్లెల్లో భూమి ఒకరిది, కౌలు ఒకరిది, సేద్యం ఒకరిది అన్నట్టే. కాకపోతే ఇక్కడ భూస్వామి, కౌలుదారు ఒకే ఇంటివారు.

ఆ ఇంటిగుట్టు పన్ను ఎగవేతకు దారి కాకుండా చట్టం రెండు కంచెలు వేసింది. అనుబంధ సంస్థల వాటాల విలువ రీట్ మొత్తం ఆస్తుల్లో ఒక పరిమితిని దాటకూడదు. ఈ పరిమితి 20, 25 శాతాల మధ్య మారుతూ వచ్చి, 2026 నుంచి మళ్లీ 25 శాతమైంది. రెండోది మరింత పదునైనది. లీజు అద్దె మార్కెట్ ధరకు తగ్గట్టు లేకుంటే, తేడా మీద నూటికి నూరు శాతం పన్ను పడుతుంది.

ఒక రాత్రి రాబడి ఎటు పోతుంది

లెక్కలో చూస్తే ఇది స్పష్టపడుతుంది. అంకెలు ఊహించినవే. 500 గదుల హోటల్, ఆక్యుపెన్సీ 72 శాతం, సగటు గది ధర 250 డాలర్లు అనుకుందాం. 360 గదుల మీద ఆ రాత్రి 90,000 డాలర్లు వస్తాయి. అందులోంచి నిర్వాహక సంస్థ జీతాలు, కరెంటు, బుకింగ్ కమిషన్లు చెల్లిస్తుంది. తన మూల రుసుము కింద సాధారణంగా రాబడిలో 3 శాతం దాకా తీసుకుంటుంది. యజమానికి ముందే అనుకున్న మేర ప్రతిఫలం ముట్టాక మిగిలితే ప్రోత్సాహక రుసుము కూడా తీసుకుంటుంది. మంచాలు, తివాచీలు, ఏసీలు మార్చడానికి రాబడిలో నాలుగైదు శాతం నిధిగా పక్కన పెట్టడం ఆనవాయితీ. మిగిలినది అనుబంధ సంస్థకు చేరుతుంది. అది రీట్‌కు అద్దె కడుతుంది. ఈ అద్దెను స్థూల రాబడిలో శాతంగా నిర్ణయించవచ్చు గానీ నికర లాభంలో వాటాగా నిర్ణయించకూడదు. లాభంలో వాటా అయితే అది అద్దె కాదంటుంది చట్టం.

ఇప్పుడు ఆ 90,000లో స్థిర ఖర్చు 40,000, గదుల సంఖ్యను బట్టి మారే ఖర్చు 22,000 అనుకుంటే 28,000 మిగులుతుంది. రోజువారీ వడ్డీ భారం 10,000 అయినా నిశ్చింతే. మాంద్యం వచ్చి ఆక్యుపెన్సీ 54 శాతానికి, ధర 220 డాలర్లకు దిగిందనుకుందాం. రాబడి 59,400. మారే ఖర్చు 16,500కు తగ్గుతుంది, స్థిర ఖర్చు తగ్గదు. మిగులు 2,900 మాత్రమే. రాబడి మూడో వంతు తగ్గితే మిగులు పదో వంతుకు పడిపోయింది. వడ్డీకే 7,100 డాలర్లు తక్కువ పడతాయి. ఆఫీసు భవనానికి పదేళ్ల లీజు రక్షణగా ఉంటుంది. హోటల్‌కు లీజు గడువు ఒక్క రాత్రి.

నిధులు ఎక్కడి నుంచి

లాభంలో పదో వంతుకు మించి దాచుకునే వీలు రీట్‌కు లేదు. అయితే చేతిలో మిగిలే నగదు, కాగితం మీది లాభం ఒకటి కావు. తరుగుదల కింద చూపే మొత్తం లాభాన్ని తగ్గిస్తుంది గానీ నగదును తగ్గించదు. అందుకే రీట్ల రంగంలో నికర లాభానికి తరుగుదలను తిరిగి కలిపి, ఆస్తుల అమ్మకపు లాభాన్ని తీసేసి లెక్కగట్టే కొలమానాన్ని వాడతారు. హోటళ్ల విషయంలో ఈ కొలమానాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆఫీసు గోడలు నలభై ఏళ్లు నిలవవచ్చు, హోటల్ పరుపు నిలవదు. తరుగుదలలో గణనీయమైన భాగం నిజంగానే ఖర్చయిపోయే సొమ్ము.

కాబట్టి పెరగాలంటే బయటి డబ్బే దిక్కు. మొదటి మార్గం వాటాలు. హోస్ట్ భవనాలు నేరుగా లిస్టెడ్ కంపెనీ పేరున లేవు. దాని కింద ఉన్న భాగస్వామ్య సంస్థ చేతిలో ఉన్నాయి. 1992లో టాబ్‌మన్ సెంటర్స్ అనే మాల్‌ల రీట్ తొలిసారి వాడిన పద్ధతి ఇది. హోటల్ యజమాని తన ఆస్తిని ఆ భాగస్వామ్యంలో చేర్చి యూనిట్లు తీసుకుంటే, అమ్మకపు లాభం మీద పన్ను వాయిదా పడుతుంది. ఆ యూనిట్లను తర్వాత నగదుగానో షేర్లుగానో మార్చుకోవచ్చు. 1998లో బ్లాక్‌స్టోన్ నుంచి హోటళ్లు కొన్నప్పుడు హోస్ట్ ఈ యూనిట్లనే చెల్లింపుగా వాడుకుంది. 2006లో స్టార్‌వుడ్ హోటళ్లను దాదాపు 400 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ధరలో పెద్ద భాగాన్ని తన షేర్ల రూపంలోనే ఇచ్చింది. పేరులోంచి మారియట్ తొలగినది కూడా ఆ ఏడాదే.

రెండో మార్గం అప్పు. హోటల్ రీట్ల మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. 2019లో సుమారు 547 కోట్ల డాలర్లున్న హోస్ట్ రాబడి కోవిడ్ కారణంగా 2020లో 162 కోట్లకు పడింది. అంతటి దెబ్బను సంస్థ తట్టుకుంది. అప్పుల్లో చాలా భాగం తాకట్టు లేని బాండ్లు, బ్యాంకు రుణాలు కావడంతో హోటళ్లు స్వేచ్ఛగా ఉన్నాయి. మార్చిలోనే బ్యాంకు పరిమితి నుంచి 150 కోట్ల డాలర్లు తీసి చేతిలో ఉంచుకుంది. తర్వాత డివిడెండ్ నిలిపేసింది. ఆగస్టులో 3.5 శాతం వడ్డీకి 75 కోట్ల డాలర్ల పదేళ్ల బాండ్లు అమ్మగలిగింది. హోటళ్లు బోసిపోయి ఉన్న రోజుల్లో ఆ ధరకు అప్పు పుట్టడం అంతకుముందు పదేళ్లు పాటించిన నిగ్రహానికి దక్కిన ఫలం.

హిల్టన్ నుంచి 2017లో విడిపోయిన పార్క్ హోటల్స్ అనుభవం ఇంకో కోణం చూపిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని రెండు పెద్ద హోటళ్ల మీద దానికి 72.5 కోట్ల డాలర్ల తాకట్టు రుణం ఉండేది. ఆ రుణానికి పూచీ ఆ రెండు భవనాలే, మిగతా సంస్థ కాదు. నగరంలో సమావేశాల వ్యాపారం కోలుకోకపోవడంతో 2023 జూన్‌లో చెల్లింపులు ఆపేసి, సుమారు 3,000 గదులను వదులుకోవడానికి సిద్ధపడింది. వాటాదారుల వైపు నుంచి అది తెలివైన నిర్ణయమే. కానీ ఈ వెసులుబాటు ఊరికే రాదు. ఇలాంటి రుణాల్లో రాబడి తగ్గగానే నగదు మీద పెత్తనం రుణదాతల చేతికి వెళ్లే షరతులుంటాయి.

మన దగ్గర

సెబీ 2014లో రీట్ నిబంధనలు తెచ్చింది. తొలి రీట్ ఎంబసీ ఆఫీస్ పార్క్స్ 2019 ఏప్రిల్‌లో లిస్టయింది. బెంగళూరులోని దాని ఆస్తుల్లో హిల్టన్, ఫోర్ సీజన్స్ హోటళ్లు కూడా ఉన్నాయి. అయితే ఆదాయంలో కనీసం 51 శాతం అద్దెలు, లీజుల నుంచి రావాలన్న నిబంధన వల్ల హోటళ్లు మన రీట్లలో ఉపాంగాలుగానే మిగులుతున్నాయి. హైదరాబాద్ మాదాపూర్‌లో ఈ తేడాను ఒకే ప్రాంగణంలో చూడవచ్చు. అక్కడి మైండ్‌స్పేస్ ఆఫీసులు రీట్‌లో ఉన్నాయి. పక్కనే ఉన్న వెస్టిన్ హోటల్ మాత్రం కె. రహేజా గ్రూపుకే చెందిన శాలే హోటల్స్ అనే మామూలు లిస్టెడ్ కంపెనీది. ఆ కంపెనీ తన లాభం మీద పూర్తి కార్పొరేట్ పన్ను కడుతుంది. లాభాన్ని పంచకుండా కొత్త హోటళ్లలో పెట్టే స్వేచ్ఛ కూడా దానికుంది.

హోటళ్లకు విడిగా రీట్ అనుమతి ఇవ్వాలన్న ఆలోచన ముందుకొస్తే, అమెరికా నుంచి అనుబంధ సంస్థల లీజు పద్ధతిని అరువు తెచ్చుకోవడం కష్టం కాదు. అప్పు విషయంలోనే మన నియంత్రణ సంస్థ సొంతంగా ఆలోచించాలి. రీట్ల అప్పుకు సెబీ ఆస్తుల విలువలో 49 శాతం దాకా అనుమతిస్తోంది. దీర్ఘకాలిక లీజులున్న ఆఫీసు భవనాలకు ఈ పరిమితి సరిపోవచ్చు. ఏ రాత్రికారాత్రి రాబడి తేలే హోటళ్లకు అది చాలా ఎక్కువ.