నలభై రోజుల గుమ్మంలో ప్రేమ

ఈస్టర్‌కు ముందటి ఉపవాసకాలమైన లెంట్ అనగానే ఏం మానేశామన్నదే ముందు మాటకొస్తుంది. మాంసమా, కాఫీయా, సినిమాలా? మన ప్రొటెస్టెంట్లు ఈ రోజులను శ్రమదినాలంటారు, కతోలికులు తపస్సు కాలమంటారు. రెండు పేర్లలోనూ వినిపించేది కష్టమే. కానీ ఈ ఆచారం ఎదిగిన దారిలో వెనక్కి నడిచి చూస్తే, నలభై రోజుల గుమ్మం దగ్గర ప్రతిసారీ ప్రేమే కనిపిస్తుంది.

మొదట్లో నలభై రోజులన్న లెక్కే లేదు. రెండో శతాబ్దం చివర లియోన్ బిషప్పు ఇరేనియస్, రోమా బిషప్పు విక్టర్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఈస్టర్‌కు ముందు కొందరు ఒక్కరోజు, కొందరు రెండు రోజులు, ఇంకొందరు నలభై గంటలు ఉపవాసముంటారని అందులో ఉంది. చరిత్రకారులు ఈ లెక్కల కోసమే ఆ ఉత్తరం తిరగేస్తారు. ఇరేనియస్ కలం పట్టిన కారణం వేరు. ఈస్టర్ తేదీ దగ్గర పట్టింపు వచ్చి ఆసియా మైనర్ సంఘాలను వెలివేయడానికి విక్టర్ సిద్ధపడ్డాడు. ఉపవాసాల్లో ఇన్ని తేడాలున్నా పెద్దలు ఒకరితో ఒకరు సమాధానంగానే మెలిగారని ఇరేనియస్ అతనికి గుర్తుచేశాడు. లెంట్ గురించి మనకు దొరికే తొలి సాక్ష్యాల్లో ఒకటి ఇలా విడిపోబోతున్న అన్నదమ్ములను కలపడానికి రాసిన ఉత్తరం కావడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

325లో నైసియా సభ చేసిన అయిదో నిబంధనలో ‘నలభై’ అన్న పేరు కనిపిస్తుంది. బిషప్పులు ఏటా రెండుసార్లు కూడాలి, ఒకసారి లెంట్‌కు ముందే కూడాలి అంటుంది ఆ నిబంధన. ఎవరినైనా బిషప్పు చిన్న బుద్ధితోనో కక్షతోనో వెలివేశాడా అని ఆ కూటంలో విచారించాలి. మనసుల్లో చేదు పోయాకే దేవునికి శుద్ధమైన కానుక అర్పించగలరన్నది దాని భావం. అయిదో శతాబ్దంలో రోమాలో పోపు లియో లెంట్ ప్రసంగాల్లో ఉపవాసాన్ని దానంతోనూ క్షమతోనూ ముడివేశాడు.

తర్వాత రోమా సంఘంలో లెంట్‌కు ముందటి ఆదివారానికి క్విన్‌క్వాజెసిమా అనే పేరు స్థిరపడింది. ఈస్టర్‌తో కలిపి వెనక్కి లెక్కిస్తే అది యాభయ్యో రోజు. ఆ రోజు చదివే పత్రిక భాగం కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం, అంటే ప్రేమ అధ్యాయం. సువార్త లూకా పద్దెనిమిదో అధ్యాయం నుంచి. యేసు తనకు జరగబోయేది శిష్యులకు చెప్పి యెరూషలేముకు బయలుదేరే ఘట్టమది. రెండూ ఒక్క ఆరాధనలో విన్నవాడికి పౌలు చెప్పిన ప్రేమ ఎవరిదో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ప్రేమ అప్పుడే సిలువ దారి పట్టింది. మరో మూడు రోజులకు బూడిద బుధవారం, నుదుట బూడిద పడుతుంది.

ప్రొటెస్టెంట్ సంస్కరణ రోజుల్లో లెంట్ ఆచారమే కదిలిపోయింది. 1522లో జ్యూరిక్‌లో ఒక ముద్రాపకుడి ఇంట లెంట్‌లో సాసేజీలు తిని పెద్ద గొడవ లేపారు. ఇంగ్లండులో 1548లో బూడిద పూయడం ఆపించారు. అయినా మరుసటేడు వచ్చిన ప్రార్థన గ్రంథంలో ఆర్చిబిషప్పు క్రాన్మర్ ఆ ఆదివారాన్నీ, ప్రేమ అధ్యాయాన్నీ ఉంచాడు. ఆ రోజుటి పాత లాటిన్ ప్రార్థన పాపబంధాల నుంచి విడుదలనూ ఆపదల నుంచి కాపుదలనూ అడిగేది. దాన్ని తీసేసి కొత్తది రాశాడు. ప్రేమ లేని క్రియలన్నీ వ్యర్థమని ఒప్పుకుని, ఆ ప్రేమనే హృదయాల్లో కుమ్మరించమని అడిగే ప్రార్థన అది. ప్రేమ మనం సాధించేది కాదనీ, దేవుడిచ్చేదనీ ఇంత సూటిగా చెప్పిన లెంట్ ప్రార్థన నాకు మరొకటి తెలియదు.

1969 నాటి కేలండరు సంస్కరణలో కతోలిక సంఘం క్విన్‌క్వాజెసిమాను తీసేసింది. గుమ్మంలోని ఆ ఆదివారం పోవడం నాకు వెలితిగానే ఉంటుంది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో మాత్రం క్షమాపణ ఆదివారం నిలిచే ఉంది. ఆ సాయంత్రం ప్రార్థన ముగిశాక గురువు సంఘం ముందు వంగి క్షమించమని అడుగుతాడు. తర్వాత ఒక్కొక్కరూ పక్కవారి ముందు వంగుతారు. ఉపవాసం మొదలయ్యేది ఆ తర్వాతే.