డైనమో

యాంత్రికశక్తిని విద్యుచ్ఛక్తిగా మార్చు యంత్రము. అయస్కాంతక్షేత్రమున తీగచుట్ట తిరుగునపుడు, దానిగుండా పోవు బలరేఖల సంఖ్య మాఱుచుండుటచే తీగయందు విద్యుత్తు ప్రేరితమగును. ఈ ప్రేరణసూత్రమును 1831లో కనుగొనిన మైకేల్ ఫారడే, అదే యేట బలమైన అయస్కాంతధ్రువముల నడుమ రాగిబిళ్ళను త్రిప్పి అవిచ్ఛిన్నప్రవాహమును రాబట్టెను. స్థిరాయస్కాంతములతో నిర్మించిన తొలియంత్రములు పెద్దపనులకు చాలకపోగా, తాను పుట్టించిన విద్యుత్తుతోనే తన విద్యుదయస్కాంతమును బలపఱచుకొను విధానము 1866-67లలో సీమెన్స్, వీట్‌స్టన్ ప్రభృతులచే వెలువడుటయే ఈ చరిత్రలో నిజమైన మలుపు. ఇనుమునందు మిగిలియుండు లేశమాత్రపు అయస్కాంతత్వమే ఆ వృద్ధికి బీజమగుట మిక్కిలి అబ్బురము.

సైకిలు టైరున కానించు చిన్న డైనమోలో సాధారణముగా తిరుగునది తీగచుట్ట కాదు, అయస్కాంతము. దీపము వెలిగినంతనే త్రొక్కువాని కాలికి బరువు తెలియును, వేగము తగ్గినచో వెలుగు మందగించును.