తుర్కీభాషలోఁ బ్రతిక్రియామానము

మేలునకు మేలు, కీడునకుఁ గీడు నను ధర్మము సర్వజనవిదితము. అయినను దానిని శాస్త్రవిషయముగఁ బరిశీలించుట యిటీవలిది. 1925లో ఫ్రెంచిపండితుఁడు మార్సెల్ మోస్ దానమును గూర్చిన తన వ్యాసమున నిచ్చుట, పుచ్చుకొనుట, మఱల నిచ్చుట యను మూఁడు విధులను నిరూపించెను. మన మహాభారతములోని యనుశాసనపర్వమునుగూడ నందుఁ బరామర్శించెను. 1960లో నమెరికాదేశపు సమాజశాస్త్రజ్ఞుఁడు ఆల్విన్ గౌల్డ్‌నర్, ఉపకారికిఁ దోడ్పడవలయుననియు, నాతనికి హాని చేయరాదనియు నీధర్మముయొక్క కనీసపు విధులను జెప్పెను. 2003లోఁ బెరుజీని మొదలగువారు దీనిని మనుజుని స్వభావమందుఁ దూఁచుటకై 27 వాక్యముల మానమును గూర్చి, యిటలీ, బ్రిటన్ దేశములందుఁ బరీక్షించిరి. ప్రతిక్రియయందు విశ్వాసము, మేలునకుఁ బ్రతిక్రియ, కీడునకుఁ బ్రతిక్రియ యని యందు మూఁడు భాగములు; భాగమునకుఁ దొమ్మిదేసి వాక్యములు.

ఇట్టి మానమును తుర్కీభాషకుఁ దెచ్చుట యెట్లు? అన్యదేశపు మానములను దెచ్చుకొనుట యచ్చట క్రొత్త కాదు. బినే, సిమోనుల బుద్ధిమానము 1915 ప్రాంతముననే యాభాషలోనికి వచ్చెను. నాఁటి లిపి యరబ్బీ. 1928లో లాటిన్ లిపి విధింపఁబడెను. 1932లో స్థాపింపఁబడిన భాషాసంఘము అరబ్బీ, పారసీక పదములకు మాఱుగా దేశ్యపదములను బ్రచారము చేసెను. కావున నచ్చట నొకపదము నెన్నుకొనుట చరిత్రలో నొకభాగము నెన్నుకొనుటయే.

ప్రతిక్రియకు వాడఁదగిన దేశ్యపదము 'కర్షిలిక్'. మేలునకు బదులిచ్చుటయు, పెద్దల కెదురుచెప్పుటయు రెండును దానిచేతనే చెప్పఁబడును. కృతజ్ఞతను దెలుపు వాక్యమున నీపదమును బెట్టినచో విరోధచ్ఛాయ తగులవచ్చును. 'హతిర్' అను మఱియొక పదము అరబ్బీనుండి వచ్చినది. మన 'ఖాతరు'నకును మూలమదియే. మనకది లక్ష్యపెట్టుట, వారికి జ్ఞాపకము, మన్నన, బాంధవ్యఋణము. ఒక గిన్నెఁడు కాఫీకి నలువదేండ్ల హతిరు గలదని వారి సామెత. మేలు చేసి కడలిలో వైచుము, చేఁప యెఱుఁగకున్నను సృష్టికర్త యెఱుఁగును అని మఱియొకటి. మొదటిది పుచ్చుకొన్నవాఁడు మఱవరాదనుచున్నది. రెండవది యిచ్చినవాఁ డాశింపరాదనుచున్నది. రెండవదానిని నమ్మినవాఁడు విశ్వాసభాగమునఁ దక్కువ యంకము పొందినచో, నది ప్రతిక్రియ లేమి కాదు, నిష్కామశిక్షయే కావచ్చును.

1970లో బ్రిస్లిన్ ప్రచారమునకుఁ దెచ్చిన పునరనువాదపద్ధతి, అనఁగా నొకరు తెనిగించినట్లు మార్చినదానిని వేఱొకరు మూలభాషకు మఱలఁ దెచ్చి పోల్చుట, యుపయుక్తమే. కాని 'కర్షిలిక్' మఱల 'బదులు' అనియే వచ్చును, ఛాయాభేదము దాఁగియుండును. కాఁబట్టి వాక్యములను జనులచేఁ జదివించి, వారేమి గ్రహించిరో యడిగి, పిమ్మట నామూఁడు భాగము లచ్చటను వేర్వేఱుగ నిలుచునో లేదో గణితముచేఁ బరీక్షింపవలయును.

త్రాసు మాఱిన నష్టము వర్తకునిది. పదము మాఱిన నపకీర్తి యొక జాతిది. కృతఘ్నులనియో, పగఁబట్టువారనియో యొక జనసముదాయమునకుఁ బేరుపెట్టుటకు ముందు, మనము తూఁచినది వారి స్వభావమా, మన యనువాదమా యని విచారించుట పండితధర్మము.