గోదావరి మండలంలో పరజనుల మధ్య క్రైస్తవ సేవ

సొంత ఊరు, భాష, కులం, జీతం వదులుకొని పరిచయం లేని జనం మధ్య స్థిరపడ్డ క్రైస్తవుల పని గోదావరి మండలంలో 19వ శతాబ్ది మొదటి సగంలో మొదలైంది. బడులు, ఆసుపత్రులు, కుష్ఠురోగుల ఆశ్రమాలు, బోధకులకు శిక్షణనిచ్చే సెమినరీలు దీని ముఖ్య రూపాలు. భీమేశ్వరాలయంతో పేరుపొందిన సామర్లకోట 1882 నుంచి ఈ పనికి ఒక కేంద్రమైంది. వచ్చినవారిలో ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, కెనడా దేశస్థులతో పాటు తెలుగువారూ తమిళులూ ఉన్నారు.

అంతకుముందు రెండు శతాబ్దాల పాటు తీరంలో డచ్చి, ఫ్రెంచి వర్తకుల స్థావరాలు ఉన్నా, వారి మతగురువుల పని చాలావరకు సొంత జనానికే పరిమితమైంది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజి తెలుగు నేర్చి బైబిలు అనువాదానికి పూనుకొన్నారు. ఇద్దరూ కొద్ది ఏళ్లకే మరణించారు.

డెల్టాలో నిలదొక్కుకొన్న తొలి బృందం ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి వచ్చింది. 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట భార్యలతో సహా బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ పెద్ద చదువులు చదివినవారు కారు, చేతిపనితో బతికినవారు. వారికి నెలజీతం పంపే సంఘమేదీ లేదు. మచిలీపట్నంలో కొంతకాలం ఉండి, నరసాపురం చేరి, తెలుగు నేర్చుకొని, ఊరూరా తిరిగారు. తొలి ఏళ్లలో విన్నవారు తక్కువ, చేరినవారు మరీ తక్కువ. ఆర్థర్ కాటన్ దవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించిన కాలంలో (1847–1852) వేల మంది కూలీలు ఒకచోట చేరడంతో బౌడెన్ వారి మధ్య బోధ సాగించాడు. కాటన్ ఆదివారం పని ఆపించడం అందుకు వీలు కల్పించింది. బీర్ 1853లో మరణించినా బౌడెన్ వెనుదిరగలేదు. రెండు కుటుంబాల తరవాతి తరంవారూ డెల్టాలోనే పనిలో దిగారు. ఈ బృందమే గోదావరి డెల్టా మిషను.

రాజమండ్రిలో ఉత్తర జర్మనీ లూథరన్లు 1845 ప్రాంతంలో ప్రారంభించిన పని కొద్ది ఏళ్లకు అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. వీరిలో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ జీవితం ప్రత్యేకంగా చెప్పదగినది. 1842లో గుంటూరు చేరిన ఈ జర్మన్ అమెరికన్, మధ్యలో స్వదేశం వెళ్లి వైద్యం చదివి తిరిగి వచ్చాడు. రాజమండ్రి మిషను వేరే సంఘం చేతికి వెళ్లిపోయేలా ఉందని తెలిసి 1869లో, డెబ్బయ్యారేళ్లు నిండిన వయసులో, మళ్లీ ఓడ ఎక్కాడు. తరవాత రాజమండ్రిలో డాక్టర్ లిడియా వర్నర్ స్త్రీలకు ఆసుపత్రి నెలకొల్పింది. మగ వైద్యుడి ముందుకు రాని ఘోషా స్త్రీలకు ఆడ డాక్టరు ఉండటం పెద్ద ఊరట.

ఇంగ్లండు నుంచి నరసాపురం ఎంత దూరమో, సామాజికంగా చూస్తే డెల్టా నుంచి మన్యం అంతకు తక్కువ కాదు. ఎగువ గోదావరి నౌకాయాన పనుల మీద దుమ్ముగూడెంలో ఉన్న ఇంజనీరు కెప్టెన్ ఎఫ్.టి. హేగ్ 1860 ప్రాంతంలో కోయల మధ్య మిషను పెట్టించాడు. అక్కడే సర్కారు కొలువులో ఉన్న ఇందుకూరి వెంకటరామరాజు హేగ్ ప్రభావంతో క్రైస్తవుడై, ఉద్యోగం విడిచి, కోయల మధ్యే ఉండిపోయాడు. క్షత్రియ కుటుంబంలో పుట్టినవాడు కోయగూడెంలో కూర్చొని తినడం అప్పటి డెల్టా సమాజం ఊహకు అందని పని. మన్యం జ్వరాలు దొరలనూ దేశీయులనూ ఒకేలా పట్టి పీడించాయి. తరవాత వెంకటరామరాజు ఆ మిషనులో గురువుగా అభిషేకం పొందాడు. అదే మిషనుకు చెందిన జాన్ కెయిన్ కోయభాషలోకి సువార్త భాగాలను అనువదించాడు.

కాకినాడ, సామర్లకోటల కథ మొదలయ్యేది థామస్ గాబ్రియేల్‌తో. దళిత కుటుంబంలో పుట్టిన ఈ తెలుగువాడు తంతి శాఖలో ఉద్యోగి. నమ్మకంగా వచ్చే జీతం వదులుకొని కాకినాడలో స్వతంత్రంగా మిషను నడిపాడు. ఖర్చులు పెరిగి అప్పులపాలయ్యాడు. చివరకు పని నిలబడాలంటే వేరేవారి అండ కావాలని కెనడా బాప్టిస్టులను పిలిచాడు. అప్పటికి అమెరికా బాప్టిస్టులతో పనిచేస్తున్న జాన్ మెక్‌లారిన్ 1874 మార్చి 12న కాకినాడ చేరాడు. గాబ్రియేల్ 1875 జనవరి 1న మరణించాడు. కెనడా బాప్టిస్టు మిషను చరిత్రలు సాధారణంగా మెక్‌లారిన్ రాకతో మొదలవుతాయి. పునాది వేసిన గాబ్రియేల్‌కు వాటిలో దక్కిన చోటు చిన్నది.

మెక్‌లారిన్ తోడల్లుడు ఎ.వి. టింపనీ 1878లో కాకినాడ వచ్చి, 1885లో కలరాతో అక్కడే చనిపోయాడు. కెనడా తూర్పు రాష్ట్రాల నుంచి కరెన్ జనం కోసం సయాం వెళ్లిన మరో బృందం అక్కడ పని కుదరక 1875లో తెలుగునేలకు మళ్లి, బొబ్బిలి, భీమునిపట్నం వంటి చోట్ల స్థిరపడింది.

బయటివారు ఎంతమంది వచ్చినా పల్లెల్లో రోజూ తిరగాల్సింది తెలుగు బోధకులేనని మెక్‌లారిన్ గ్రహించాడు. 1882లో సామర్లకోటలో సెమినరీ తెరిచాడు. లోగడ దండు ఉన్న ఊరు కావడంతో విశాలమైన స్థలం, కాకినాడకు దగ్గరగా ఉండటం, కాలవ మీద పడవ దారి కలిసివచ్చాయి. చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల యువకులు. పెళ్లయినవారు భార్యాబిడ్డలతో వచ్చేవారు, ఆ స్త్రీలకూ అక్షరాలు నేర్పేవారు. పాఠాలతో పాటు చుట్టుపక్కల ఊళ్లలో బోధించడమూ శిక్షణలో భాగం. చదువు ముగిశాక బోధకుడు వెళ్లే ఊరు తరచు సొంత ఊరు కాదు, బంధువులూ ఉండరు. చెరువు నీరు ముట్టనివ్వని చోట, వీధిలో నడవనివ్వని చోట, పాక వేసుకొని పగలు పిల్లలకూ రాత్రి పెద్దలకూ చదువు చెప్పేవాడు. మిషనరీ పడవలో వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లేవాడు, ఏడాది పొడవునా ఊళ్లో ఉన్నది బోధకుడే. ఘోషా స్త్రీల ఇళ్లకు వెళ్లి బోధించిన ‘బైబిలు స్త్రీలు’ కూడా ఇంతే కష్టపడ్డారు.

మిషనరీల జీవితంలో ఒక లోపాన్ని ఆనాడే కొందరు గుర్తించారు. ఎత్తయిన గోడ, పంకా, వంటవాడు ఉన్న మిషను బంగళా క్రమంగా మరో చిన్న విదేశమైంది. ఎండాకాలంలో కొండ ఊళ్లకు వెళ్లడం ఆనవాయితీ. సంఘాల్లోనూ కులాల మధ్య ఎడం పూర్తిగా పోలేదు.

ఈ గోడను ఎక్కువగా దాటింది వైద్యసేవ. 1886లో వచ్చిన ఇసబెల్ హాచ్ రామచంద్రపురంలో కుష్ఠురోగులకు ఆశ్రమం ఏర్పాటు చేసింది. తెలుగువారి మధ్య పనిచేసిన జాన్ ఇ. డేవిస్‌కు అదే వ్యాధి సోకింది. స్వదేశం వెళ్లి ఇతరులకు దూరంగా బతికి, తన జీవితకథ రాశాడు. సామర్లకోటకు చేరువలోని పిఠాపురంలో డాక్టర్ ఇ.జి. స్మిత్, డాక్టర్ జెస్సీ ఆలిన్ వైద్యం సాగించారు. క్రైస్తవులు కాని పిఠాపురం రాజావారు ఆలిన్ పనికి అండగా నిలిచారు.

దేశీయులే దేశీయుల వద్దకు వెళ్లిన ఉద్యమాలు 20వ శతాబ్ది తొలి దశకంలో బలపడ్డాయి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు మిషనరీ సంఘం పెట్టి నైజాం తెలుగు ప్రాంతంలోని డోర్నకల్‌ను క్షేత్రంగా ఎంచుకొన్నారు. దాని స్థాపకుల్లో ఒకడైన వి.ఎస్. అజరయ్య 1909లో తానే అక్కడికి వచ్చి తెలుగు నేర్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ప్రశంసనీయమైన ఈ జీవితం మాల మాదిగ పల్లెల మధ్య సాగింది. 1903లోనే నెల్లూరు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువారి వద్దకు పంపారు.

స్వాతంత్ర్యం తరవాత విదేశీ మిషనరీలు తగ్గి, బాప్టిస్టు సంఘాలు ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల సమాఖ్య కింద నడిచాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో డాక్టర్ బెన్ గల్లిసన్ కంటిశుక్లాల చికిత్స స్ఫూర్తితో 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ ఏర్పడింది. సామర్లకోట సెమినరీ పని తరవాత కాకినాడకు మారింది. 1964లో రాజమండ్రిలో పలు సంఘాలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను ప్రారంభించాయి, అదీ తరవాత హైదరాబాదుకు తరలింది. పిఠాపురంలో ఆలిన్ కాలం నాటి వైద్యసేవ క్రిస్టియన్ మెడికల్ సెంటర్ పేరుతో సాగింది.