చిట్టెలుక చెప్పు సాక్ష్యము

మనోవైదల్యము, అనగా స్కిజోఫ్రీనియా, సోకిన మనిషి తనకెవరివో మాటలు వినబడుచున్నవని చెప్పగలడు. చిట్టెలుక చెప్పలేదు. అయినను ఈ వ్యాధి మూలమును వెదకు శాస్త్రజ్ఞులు దాని నడవడినే సాక్ష్యముగా గైకొనిరి.

కోరిన జన్యువును పనిచేయకుండ నిలిపి చిట్టెలుకలను పుట్టించు విద్య 1989 నాటికి సిద్ధించినది. ఇందుకు కాపెక్కి, ఇవాన్స్, స్మితీస్ అను మువ్వురికి 2007లో నోబెల్ బహుమానము లభించినది.

ఫెన్‌సైక్లిడిన్ అను మత్తుమందు మెదడులోని ఒక గ్రాహకమును అడ్డగించి, మనుష్యులలో ఈ వ్యాధి లక్షణములవంటివానిని కలిగించును. కనుక అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు ఆ గ్రాహకము మామూలులో నూటికి 5 వంతులు మాత్రమే గల చిట్టెలుకలను పెంచి, 1999లో ఫలితములను ప్రకటించిరి. అవి నిలకడలేక తిరుగాడినవి. తోటివానితో కలియక మెలగినవి. వ్యాధిగ్రస్తులకిచ్చు హాలోపెరిడాల్, క్లోజపిన్ మందులతో ఆ తీరు కొంత చక్కబడినది.

మనిషికిని ఎలుకకును చెల్లు పరీక్ష యొకటి కలదు. పెద్ద చప్పుడు హఠాత్తుగా వినబడిన ఒడలు ఉలికిపడును. దానికి రెప్పపాటు ముందు చిన్న చప్పుడు వినిపించినచో ఆ ఉలికిపాటు తగ్గును. రోగులలో ఇది తగినంత తగ్గదు. స్కాట్లండులో మనోవ్యాధులు తరతరములుగా కనబడిన ఒక కుటుంబమును పరిశీలించి, 2000లో డిస్క్-1 అను జన్యువును గుర్తించిరి. ఈ జన్యువులో ఒకచోట మార్పుగల చిట్టెలుకలు పై పరీక్షలో రోగులవలెనే ప్రవర్తించినవని 2007లో వెల్లడియైనది. అదే జన్యువులో మరొకచోట మార్పుగలవి కుంగుబాటును పోలిన లక్షణములు చూపినవి.

అయితే ఈ సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చును? 1999లోనే క్రాబ్, వాల్‌స్టెన్, డూడెక్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షకు పెట్టిరి. అమెరికాలోని ఆల్బనీ, పోర్ట్‌లండు, కెనడాలోని ఎడ్మంటన్ నగరములలో ఒకే వంగడములను, ఒకే విధమైన పరికరములతో, ఒకే దినములలో పరీక్షించిరి. అయినను కొన్ని పరీక్షలలో ఫలితములు ఊరూరికి మారినవి. ఒకే జొన్నవిత్తనము నందికొట్కూరు మెట్టచేలలో ఒకతీరుగను, కె.సి. కాలువ క్రింద మరొకతీరుగను పండుట రైతునకు వింతగాదు. జన్యువు విత్తనమైనచో, పెంపకము నేలవంటిది.

కావున ఎలుకకు మనోవైదల్యము వచ్చినదనుట సరికాదు. వ్యాధిలోని ఒక్కొక్క పోగు మాత్రమే దానిలో కానవచ్చును. ఒకచోట దొరకిన ఫలితమును పలుచోట్ల సరిచూచి, పిదపనే రోగికి మందుపై ఆశ కల్పించుట న్యాయము.