గ్నూప్లాట్: డిఫాల్టు విలువలు

గ్నూప్లాట్ అనునది 1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ అనువారిచే రచింపబడి, ఆజ్ఞావాక్యముల ననుసరించి గణిత ప్రమేయములకును దత్తాంశములకును రేఖాపటములను గీయు సాఫ్ట్‌వేర్. వినియోగించువాడు ప్రత్యేకించి కోరనపుడు ఇది స్వయముగా గ్రహించు విలువలకు డిఫాల్టులని పేరు. వీని నెరుగనివారికి పటము ఒకప్పుడు అనూహ్యముగను, మరియొకప్పుడు అసత్యముగను గోచరించును.

వీనిలో ముఖ్యమైనది నమూనా బిందువుల సంఖ్య. అక్షవ్యాప్తిని నిర్దేశింపనిచో ఈ సాఫ్ట్‌వేర్ x విలువను -10 నుండి 10 వరకు గ్రహించి, ఆ వ్యాప్తియందు 100 బిందువులను మాత్రమే గణించి, వానిని సరళరేఖలతో కలుపును. సైన్(x) వంటి మందగతి ప్రమేయమునకు ఇది చాలును. కాని ఆ వ్యాప్తిలోనే దాదాపు 99 ఆవర్తనములుగల సైన్(31x), వరుస బిందువులన్నియు తరంగమున రమారమి ఒకే దశయందు చిక్కుచుండుటచే, తరంగమున మూడవవంతు మాత్రమే యనదగిన మందవక్రముగా కనబడును. 'సెట్ శాంపిల్స్ 5000' అను ఆజ్ఞ నిచ్చినంతనే యథార్థరూపము బయల్పడును.

కోణములను రేడియన్లలో గ్రహించుటయు, పూర్ణాంక భాగహారమున భిన్నాంశమును విడిచి 1/2ను సున్నగా గణించుటయు, అక్షపు అంచులను తరువాతి గుర్తు వరకు పొడిగించుటయు ఇట్టివే. 1.0/2 అని వ్రాసినచో 0.5 లభించును. అమలునందున్న విలువలను 'షో' అను ఆజ్ఞ తెలుపును. పటమును విశ్వసించుటకు పూర్వము దాని వెనుకనున్న ఈ మౌననిర్ణయములను పరిశీలించుట శాస్త్రాధ్యేతకు ప్రథమ కర్తవ్యము.